తరగతి నాయకుడు ఎవరి మనిషి?

జూను నెలలో బడులు తెరచిన వారమున మన ప్రాంతములోని ఏ ఉన్నత పాఠశాలకు పోయినను ఒక దృశ్యము తప్పక కనబడును. ఉపాధ్యాయులు సమావేశమునకు పోయియుందురు. గదిలో యాభై అరవైమంది పిల్లలు. నల్లబల్ల ముందర ఒక కుర్రవాడు సుద్దముక్క పట్టుకొని నిలుచుండును. బల్లపైన ‘మాట్లాడినవారు’ అని శీర్షిక, దాని క్రింద ఒక గీత, గీత క్రింద పేర్లు. కొన్ని పేర్ల ప్రక్కన ఇంటు గుర్తులు. ఒక గుర్తయిన మాట్లాడినాడని అర్థము. రెండయిన చెప్పినను వినలేదని అర్థము. ఆ సుద్దముక్క పట్టుకొన్నవాడే క్లాసు లీడరు. ఎన్నికయిన నాయకుడన్నచో తన వారి తరఫున మాట్లాడువాడని లోకములో అందరును అనుకొందురు. మన తరగతి నాయకుని మొదటి ఉద్యోగము మాత్రము మాట్లాడినవారి పేర్లు వ్రాసి పైవారికి అందించుట. ఈ ఏర్పాటు ఎప్పటిది, ఎట్లు వచ్చినది, మధ్యలో ఇది మరొక విధముగా మారుటకు అవకాశములు వచ్చినవా అనునదే నేటి మా ప్రసంగ విషయము.

మేము మైదుకూరు ప్రాంతపు వారము. మైదుకూరు నాలుగు త్రోవల కూడలి. కడపనుండి కర్నూలుకు పోవు బాట, ప్రొద్దుటూరునుండి బద్వేలుకు పోవు బాట అక్కడ కలుసుకొనును. ఒకవైపు కర్నూలు-కడప కాలువ క్రింది వరిమళ్ళు, పసుపు తోటలు. మరొకవైపు వానకొరకు మొగము వాచియున్న మెట్ట. కాలువ క్రింది రైతు బిడ్డయు, మెట్ట పల్లెనుండి నాలుగైదు మైళ్ళు నడచి వచ్చిన బిడ్డయు ఒకే గదిలో, ఒకే నాపరాతి బండలమీద కూర్చుందురు. ఊరిలో వారి తండ్రులు ఒకరి మాట ఒకరు వినునట్టి సమావేశస్థలము వేరే లేదు. అందుచేత ఆ గదిలో ఎవరు ఎవరి తరఫున మాట్లాడుదురన్నది చిన్న విషయమని మేమనుకొనము.

కథను కొంచెము వెనుకకు పోయి ప్రారంభింపవలెను. 1800లో నిజాము కంపెనీవారికి వదలిపెట్టిన దత్తమండలములకు మొదటి ప్రధాన కలెక్టరయిన సర్ తామస్ మన్రో తరువాత మద్రాసు గవర్నరయినాడు. 1822లో ఆయన రాజధానిలోని కలెక్టర్లకందరకు ఒక ఉత్తరువు పంపినాడు: మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, ఏమి చదువుచున్నారు, లెక్క వ్రాసి పంపుడని. వచ్చిన జవాబులలో చాలవరకు వట్టి పట్టికలు. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక మాత్రము చదువదగిన రచన. నేటి అనంతపురము అప్పుడు బళ్ళారి జిల్లాలోనిది. ఆయన లెక్కలో 533 బడులు తేలినవి. అంతటితో ఆగక ఆయన బడి అరుగుమీదికి ఎక్కి చూచినట్లున్నాడు.

ఆయన చెప్పిన సంగతి ఇది. తెల్లవారుజాముననే బడి మొదలగును. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు, అది గౌరవము. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపైన వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. మొండికెత్తిన వానిని రెండు చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయుటయు ఆయన వ్రాసినాడు. మన పెద్దలు ‘కోదండము’ అని చెప్పుకొను శిక్ష అదియే. శ్రోతలలో వయోవృద్ధులకు ఆ మాట వినగనే వీపు జలదరించవచ్చును.

కాని కాంబెల్ మెచ్చుకొన్నది వేరొకటి ఉన్నది. పంతులొక్కడు, పిల్లలు పలువురు, ఒక్కొక్కరిది ఒక్కొక్క పాఠము. ఓనమాలు ఇసుకలో దిద్దువాడొకడు, గుణింతము వ్రాయువాడొకడు, శతకము వల్లించువాడొకడు. అందరికిని పంతులే చెప్పవలెనన్న ప్రొద్దు చాలదు. కావున ముందు చదివిన పిల్లవాడు వెనుకటి వానికి చెప్పును. చెప్పుటవలన వాని చదువును గట్టిపడును. ఈ పద్ధతి ఎంతయు మెచ్చదగినదని, ఇంగ్లండులో దీనిని అనుకరించుట న్యాయమేనని కాంబెల్ దొర ఒప్పుకొన్నాడు. తమిళదేశములో ఇట్టి పెద్ద పిల్లవానికి చట్టాంపిళ్ళ అని పేరే ఉన్నది.

ఇంగ్లండులో అనుకరించుట ఏమిటందురా? అది మద్రాసునుండి పోయిన సరకు. 1789లో ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర శరణాలయమునకు అధికారియై వచ్చినాడు. ఒకనాడు ఒక దేశీయపు బడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుచుండగా చూచి, తన బడిలోను అట్లే చేయుడని ఉపాధ్యాయులతో చెప్పినాడు. వారికది నచ్చలేదు. అంతట జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునికి క్రింది తరగతిని అప్పగించినాడు. ఉపాధ్యాయులు కుదరదన్న పని ఆ బాలుడు చేసి చూపినాడు. 1797లో బెల్ లండనులో తన ప్రయోగమును గూర్చి ఒక పుస్తకము అచ్చువేసినాడు. మరుసటి సంవత్సరమే జోసెఫ్ లాంకాస్టరు అనునాయన లండనులో అటువంటి బడినే తెరచినాడు. ‘మానిటరు’ అను మాట అటుపైన ఇంగ్లీషు బడులలో ఇంటింటి మాటయైనది. అర్ధశతాబ్ది గడచిన తరువాత ఇంగ్లీషు చదువుతోపాటు అదే మానిటరు మన ఊళ్ళకు దొరటోపీ పెట్టుకొని తిరిగివచ్చినాడు. అమ్మినవాడే కొన్నట్లయినది.

ఈ రాకపోకలలో వాని బరువు కొంత తగ్గినది. వీధిబడిలోని పెద్ద పిల్లవానిని ఎవ్వరును ఎన్నుకొనలేదు, నిజమే. కాని వాని పెద్దరికము పాఠము చెప్పుటలో ఉన్నది. ఉన్నత పాఠశాలలో ప్రతి విషయమునకు ఒక ఉపాధ్యాయుడు వచ్చినాడు కావున మానిటరుకు చెప్పుటకు పాఠము లేకపోయినది. వానికి మిగిలినవి హాజరుపట్టీ తెచ్చుట, సుద్దముక్కలు తెచ్చుట, బెత్తము తెచ్చుట, పేర్లు వ్రాయుట. కడపలో చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1821లో సొంత సొమ్ముతో ఉచిత పాఠశాలలు నడిపిననాడు ఉండిన వీధిబడి వాతావరణమునకు, ఆ శతాబ్ది ముగియునాటికి లేచిన గంటలు, గదులు, పరీక్షలు గల హైస్కూలుకు మధ్య పిల్లవాని స్థానములో వచ్చిన మార్పు ఇది.

పాఠము పోయిన చోటికి సంఘములు వచ్చినవి. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళ హైస్కూళ్ళలో లిటరరీ అసోసియేషను, డిబేటింగు సొసైటీ అని పేర్లు వినబడసాగినవి. ప్రధానోపాధ్యాయుడు అధ్యక్షుడు, ఒక పై తరగతి విద్యార్థి కార్యదర్శి. శుక్రవారము సాయంత్రము సభ. కత్తి గొప్పదా కలము గొప్పదా, పల్లె మేలా పట్నము మేలా అని వాదములు. వీనిని చూచి నవ్వువారున్నారు. మేము నవ్వము. తన యింట పెద్దల యెదుట నోరు విప్పని పిల్లవాడు నలుగురి ముందర లేచి నిలుచుండి, కాళ్ళు వణకుచుండగా మూడు నిమిషములు మాట్లాడి కూర్చుండుట అల్పమైన విద్య కాదు. రేడియో పెట్టె ముందర నిలుచుండి బ్రతుకువారము గనుక మాకు దాని విలువ బాగుగా తెలియును. అయితే ఆ సభలకు ఒక కట్టుబాటు ఉండినది: వాదము దేనిమీదనైనను ఉండవచ్చును, దొరతనము మీద ఉండరాదు.

ఆ కట్టుబాటు ఎంత గట్టిదో 1907లో తెలిసినది. ఆ ఏప్రిలులో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశములో పర్యటించి ఉపన్యాసములిచ్చినాడు. రాజమహేంద్రవరములో విద్యార్థులు వందేమాతరమను బిళ్ళలు ధరించి తరగతులకు వచ్చినారు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఉండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వారి ముందు నిలిచినారు. ప్రిన్సిపాలు మార్కు హంటరు ఆయనను వెళ్ళగొట్టినాడు. గాడిచర్లవారు మన సీమ బిడ్డ. 1883లో కర్నూలున జన్మించినవారు. మరుసటి సంవత్సరము పత్రికలో వ్రాసిన వ్రాతకు జైలుకు పోయినారు. పిమ్మట జీవితమంతయు గ్రంథాలయోద్యమమునకు, వయోజన విద్యకు ధారవోసినారు. ఉపాధ్యాయుడు కానీయకుండ గెంటివేయబడిన మనిషి దేశమునకే బడి పెట్టినట్లయినది. ఆ 1907 మే నెలలోనే భారత ప్రభుత్వపు హోము శాఖ కార్యదర్శి రిస్లీ ఒక సర్క్యులరు పంపినాడు. విద్యార్థులు, ఉపాధ్యాయులు రాజకీయములలోనికి దిగినచో ఆ పాఠశాలకు గ్రాంటు పోవచ్చును, వేతనములు పోవచ్చును, గుర్తింపే పోవచ్చును. ప్రధానోపాధ్యాయుని మెడమీద కత్తి వ్రేలాడునప్పుడు శుక్రవారపు సభలో ఏమి మాట్లాడనిచ్చునో శ్రోతలే ఊహింపవచ్చును.

పదేండ్ల తరువాత ఈ గొడవ మన గుమ్మములోనికే వచ్చినది. మదనపల్లె 1911 వరకు కడప జిల్లాలోనిదే. చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు దానిలో చేర్చినారు. అక్కడ 1915లో అనీబిసెంటుగారు దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించినారు. బిసెంటమ్మగారి పద్ధతి వేరు. ఆ దినములలోనే మద్రాసులో యువకులచేత ‘మద్రాసు పార్లమెంటు’ అని ఒక చర్చావేదిక నడిపించి, అసలు శాసనసభలో జరుగునట్లే బిల్లులు పెట్టించి వాదింపజేసినారు. ఆడుటకు ఇచ్చిన ఆట నిజముగ ఆడినచో ఏమగునో అన్న భయము ప్రభుత్వమునకు పట్టుకొన్నది. 1916లో ఆమె హోమ్‌రూలు లీగు పెట్టినారు. 1917 జూనులో ఆమెను నిర్బంధించి ఉదకమండలమునకు పంపినారు. మదనపల్లె విద్యార్థులు హోమ్‌రూలు ఉద్యమములో పాల్గొన్నారు. మద్రాసు విశ్వవిద్యాలయము ఆ కళాశాలకు గుర్తింపు తీసివేసినది.

ఇక్కడ ఒక్క క్షణము ఆగవలెను. గుర్తింపు పోయినదన్నచో కాగితముమీద ఒక వాక్యము కొట్టివేయుట కాదు. ఆ ఊరికి చదువుకొరకు వచ్చిన పిల్లలు కరవుసీమ పిల్లలు. పట్టము వచ్చిన ఉద్యోగము, ఉద్యోగము వచ్చిన ఇల్లు గట్టెక్కును. ఆ పట్టము చెల్లదని తెలిసియు అక్కడ నిలిచినవారు నిలిచినారు. బిసెంటమ్మగారు అడయారులో జాతీయ విశ్వవిద్యాలయమును నెలకొల్పి ఈ కళాశాలను దానిలో చేర్చినారు; రవీంద్రనాథ ఠాకూరు దానికి ఛాన్సలరు. ఆ సంబంధముననే 1919లో రవీంద్రులు మదనపల్లెకు వచ్చి కొన్నాళ్ళు విశ్రమించినారు. అప్పుడు ప్రిన్సిపాలు జేమ్సు కజిన్సు. ఒక సాయంకాలము విద్యార్థుల నడుమ కవి ‘జనగణమన’ పాడినారు. ఫిబ్రవరి 28న తానే దానిని ఇంగ్లీషులోనికి మార్చినారు. మార్గరెటు కజిన్సు స్వరము వ్రాసిపెట్టినారు. కళాశాలవారు దానిని తమ దినదిన ప్రార్థనగా గైకొన్నారు. నేడు మైదుకూరులో ఎస్.పి.ఎల్. అనబడు పాఠశాల విద్యార్థి నాయకుడు ప్రతి ఉదయము ‘సావధాన్’ అని కేకవేసిన పిమ్మట పిల్లలు పాడు గీతము, గుర్తింపు పోయిన ఒక రాయలసీమ విద్యాలయములో నిత్యగీతమై ఉండినదని ఎందరికి తెలియును? ఆ నాయకునికైనను ఎవరైనను చెప్పినారా?

స్వరాజ్యము రాకముందు ఇంకొక విచిత్రము ఉండినది. 1935 చట్టము క్రింద దేశమంతట ఓటున్నవారు సుమారు 3 కోట్లు. పన్ను కట్టని వానికి, చదువు లేని వానికి, సాధారణముగ ఆడవారికి ఓటు లేదు. అట్టి కాలములో సభ కార్యదర్శికొరకు చేయెత్తుమన్నప్పుడు హైస్కూలు పిల్లవాని చేయి ఒక్క చేయిగా లెక్కకు వచ్చినది. ఇంటిలో తండ్రికి ఆ మాత్రపు లెక్క లేదు. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చినప్పుడు 17 కోట్లకు పైబడిన జనమునకు ఒక్కసారిగా ఓటు వచ్చినది. తండ్రి కొడుకును మించినాడు.

అప్పుడు పాఠశాలకు ఒక మంచి గడియ వచ్చినది. 1952 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము మాధ్యమిక విద్యను పరిశీలించుటకు ఒక సంఘమును నియమించినది. అధ్యక్షులు మద్రాసు విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలరు డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు. వీరును కర్నూలు బిడ్డయే! 1887లో అక్కడ జన్మించి, కవల సోదరుడు రామస్వామి మొదలియారుతో కూడ కర్నూలు మునిసిపల్ హైస్కూలులో చదివినవారు. గాడిచర్లవారికి నాలుగేండ్లు చిన్న. ఒకే ఊరి ఇద్దరు బాలురు. ఒకరు విద్యార్థిగా బహిష్కృతులయినారు, వేరొకరు విద్యార్థి ఎట్లుండవలెనో దేశమునకు వ్రాసి ఇచ్చినారు.

1953లో మొదలియారు సంఘము ఇచ్చిన నివేదికలో మనకు కావలసిన మాటలు రెండున్నవి. మొదటిది: పాఠశాలలను గృహములుగా విభజించి, వానికి నాయకులను, విద్యార్థి మండలులను ఏర్పరచి, ప్రవర్తనా నియమావళిని తయారుచేయుట, దానిని అమలు జరుపుట ఆ మండలుల బాధ్యతగా చేయవలెను. నియమములను పిల్లలే వ్రాయవలెనట! సుద్దముక్క పట్టుకొని పేర్లు వ్రాయుటకు, కూర్చుండి నియమములు వ్రాయుటకు ఎంత దూరము! రెండవది: పదిహేడేండ్లు నిండని విద్యార్థులను రాజకీయ ప్రచారమునకు, ఎన్నికల పనులకు వాడుకొనుట నేరముగా శాసనము చేయవలెను. ఈ రెండవ మాటయు మంచి మాటయే. జెండా కర్రకు కూలి లేని మనిషి దొరుకునని పిల్లలను లారీలకెక్కించుట మన సీమలో చూడని వారెవరు? అయితే ఎన్నికలలో పిల్లలను వాడుకొనరాదనుటకు, పిల్లలకు ఎన్నిక నేర్పరాదనుటకు నడుమ చాల దూరమున్నది. మన పాఠశాలలు ఆ దూరమును చెరిపివేసి, మొదటి మాటను బీరువాలో పెట్టి, రెండవ మాటను మాత్రము గుర్తుంచుకొన్నవని మా అభిప్రాయము.

సంఘములు పెరుగలేదని కాదు, బాగుగనే పెరిగినవి. 1948 చట్టముతో ఎన్.సి.సి. వచ్చినది. 1950 నవంబరు 7న స్కౌటు శాఖలన్నియు కలిసి భారత్ స్కౌట్సు అండ్ గైడ్సు అయినది. ఈ స్కౌటు ఉద్యమమునకు మన దేశీయ బాలురను చేర్చుకొనని దినములలో, 1917లో, మద్రాసున వారికొరకు వేరే సంఘమును పెట్టించినదియు బిసెంటమ్మగారే. ఎనిమిదిమంది పిల్లలు, వారిలో ఒకడు పెట్రోలు లీడరు, వాడు వారితోపాటు గుడారము వేయును, వారితోపాటు వండును. ఈ చిన్న ఏర్పాటులో నాయకత్వమునకు క్లాసు లీడరుగిరిలో లేని ఒక నిజము కలదు. మా ఆకాశవాణి పేరు చెప్పకుండ పోవుట ధర్మము కాదు. రేడియో అన్నయ్య, అక్కయ్య అని పిల్లలందరు పిలుచుకొన్న న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు కేంద్రమునుండి ‘బాలానందము’ నడిపి, 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించినారు. 1945లో ‘బాల’ పత్రిక పెట్టినారు. అక్కడ పిల్లవాడు మైకు ముందర తన గొంతుతో తాను మాట్లాడినాడు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము అవతరించినది. 1959 నవంబరులో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చి, జిల్లా బోర్డు హైస్కూళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళయినవి. బడి ముఖద్వారము మీద నేటికిని ఆ పేరే కనబడును. ఎన్నికయిన సంస్థ పేరు తలమీద పెట్టుకొన్న బడిలో లోపల ఎన్నిక ఉన్నదా అని అడుగుట తప్పు కాదు. 1962లో బొంబాయిలో కూడిన అఖిల భారత విప్పుల సమావేశము పాఠశాలలలో నమూనా పార్లమెంట్లు జరుపుమని సలహా ఇచ్చినది. 1966-67లో ఢిల్లీ బడులలో ఆ పోటీలు మొదలయినవి. మన ప్రక్కన అట్టివి జరిగినప్పుడు చూచినాము. స్పీకరు కుర్చీయు, మంత్రుల కండువాలును, ముందే బట్టీపట్టించిన ప్రశ్నలును, ముందే బట్టీపట్టించిన జవాబులును. నాటకముగా ముచ్చటగనే ఉండును.

ఇక కళాశాలల సంగతి వేరు త్రోవ పట్టినది. విద్యార్థి సంఘపు ఎన్నికలు పార్టీల ఎన్నికలయినవి. కొట్లాటలు, కత్తులు వచ్చినవి. సీమలో ఊరి కక్షలు హాస్టలు గదులలోనికి వచ్చినవి. 1980వ దశకము చివర మన రాష్ట్రములో ఆ ఎన్నికలు ఆగిపోయినవి. ఇంచుమించు ఆ రోజులలోనే 61వ రాజ్యాంగ సవరణ వచ్చి ఓటు వయస్సు 21నుండి 18కి దిగినది. ఓటు దగ్గరకు వచ్చినది, అభ్యాసము దూరమైనది. 2006లో లింగ్డో సంఘము ఎన్నికలెట్లు జరుపవలెనో చెప్పినది గాని అది కళాశాలలను గూర్చిన మాట. ఉన్నత పాఠశాలకు కళాశాలవారి భయము మాత్రము అంటుకొన్నది. ఏల వచ్చిన తంటా అని ప్రధానోపాధ్యాయులు మొదటి ర్యాంకు వచ్చిన వానిని పిలిచి, నీవే లీడరువు అనుట వాడుకయైనది. వారినని ప్రయోజనము లేదు. రెండు వీధులు రెండు కక్షలైన ఊరిలో చీటీలు వేయించినచో ఆ సాయంకాలము బడి గేటువద్దకు ఎవరెవరు వత్తురో వారికే తెలియును.

బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించినది. దానిలోని 12వ అధికరణము, తనకు సంబంధించిన విషయములలో బిడ్డ తన అభిప్రాయమును చెప్పవచ్చునని, దానికి తగిన విలువ ఇయ్యవలెనని చెప్పును. మన దేశము 1992 డిసెంబరులో దానికి ఒప్పుదల తెలిపినది. 2009 విద్యాహక్కు చట్టము బెత్తమును నిషేధించి, బడికి యాజమాన్య సంఘమును తప్పనిసరి చేసి, అందులో మూడు పాళ్ళు తల్లిదండ్రులుండవలెనన్నది. కేంద్రము పంపిన నమూనా నియమములలో మిగిలిన ఒక పాలులో, తల్లిదండ్రులు కోరినచో, బడి పిల్లలకును చోటు పెట్టినారు. కోదండమునుండి ఇంత దూరము వచ్చినాము.

1992లో ఢిల్లీవారు ఒప్పుదల తెలిపిన సంగతి మాకు అప్పుడు తెలియదు. మరుసటి జూనులో మేము తొమ్మిదవ తరగతిలో చేరినాము. ఆ యేడు కొత్తగా వచ్చిన సాంఘికశాస్త్రపు అయ్యవారు పౌరశాస్త్రములోని ఎన్నికల పాఠము చెప్పుచు, పాఠమెందుకు, చేసి చూతమన్నారు. నోటుపుస్తకపు కాగితములు చింపి చీటీలు చేసినాము. జామెట్రీ బాక్సు బ్యాలటు పెట్టె. మేము మొదటి ర్యాంకువారము, గెలుతుమనుకొన్నాము. గెలిచినవాడు మెట్ట పల్లెనుండి నడచివచ్చు ఒక పిల్లవాడు. లెక్కలలో మా ప్రక్క చూచి వ్రాయువాడు. మాకు వచ్చిన ఓట్లు ఎన్నో ఇప్పుడు చెప్పము.

ఆ బడిలో బోరింగు చెడిపోయి వేసవి ముందునుండియు మూలన పడియుండెను. మగపిల్లలు విరామములో కాలువ దిక్కుకు పరుగెత్తి మోటారు నీళ్ళు త్రాగి వచ్చువారు. ఆడపిల్లలు సాయంకాలము వరకు త్రాగకుండ ఉండువారు. గెలిచిన పిల్లవాడు మరునాడే ఉపాధ్యాయుల గదికి పోయి, బోరింగు ఎప్పుడు బాగుచేయింతురు అని అడిగినాడు. గట్టిగా అడిగినాడని కొందరు, మామూలుగానే అడిగినాడని కొందరు చెప్పినారు, మేము వినలేదు. ఆ మరునాటి ప్రార్థనలో, నాయకుడు బాగుగ చదువువాడై ఉండవలెనని ఒక ప్రకటన వచ్చినది. మా పేరు చదివినారు. సాంఘికశాస్త్రపు అయ్యవారు నేలచూపు చూచినారు. సుద్దముక్క మా చేతికి వచ్చినది. ఆ వారమంతయు మేము శ్రద్ధగా పేర్లు వ్రాసినాము.

శనివారము చీకటి పడునప్పుడు ఆ పిల్లవాడు మా యింటికి వచ్చినాడు. అరుగుమీద కూర్చుండలేదు. చేతిలో మడిచిన కాగితము. మండల కార్యాలయములో ఇచ్చుటకు తానే వ్రాసిన అర్జీ.

“లీడరు సంతకం ల్యాకుంటే తీసుకోరంట. నువ్వు పెడ్తావా?” అన్నాడు.

మేము సోమవారము చూతమన్నాము. సోమవారము మంగళవారమన్నాము. వాడు మూడుసార్లు అడిగినాడు, కోపపడలేదు. బుధవారము విరామములో ఆ కాగితము విప్పి చదివినాము. నాలుగు వాక్యములు, రెండు తప్పులు. క్రింద నలభై రెండు సంతకములు. వానిలో చాలవరకు, ఆ వారము రోజులుగ మేము నల్లబల్లమీద వ్రాసిన పేర్లే. అడుగున మిగిలిన చోటులో సంతకము చేసి ఇచ్చినాము.

బోరింగు దసరా సెలవులలో బాగుచేసినారు.